అఖాతం నది కాబోయింది!

పిల్లలూ, ఒక లెక్కతో మొదలుపెడదాం. ఒక ఊళ్ళో ఒక చెరువుంది. దాని గట్టున ముప్పై ఇళ్ళున్నాయి. ఒక్కొక్క ఇంటివారు ఏడాదికి పది తట్టల మట్టి మాత్రమే చెరువు అంచున పోసి, పెరడు కొంచెం పెంచుకుంటారు. "పది తట్టలకే చెరువు పూడిపోతుందా ఏమిటి?" అంటారు వాళ్ళు. ఆ మాట అబద్ధం కాదు. పది తట్టలకు చెరువు పూడదు. కాని ముప్పై ఇళ్ళవారు ఇరవై ఏళ్ళపాటు అలాగే పోస్తే ఎన్ని తట్టలవుతాయి? ఆరు వేలు! ప్రతి ఇంటివారికీ తమ పది తట్టలే కనిపిస్తాయి. ఆ ఆరు వేలను కూడి చూసేవారు ఊళ్ళో ఎవరూ లేకపోతే ఒకనాటికి చెరువే ఉండదు.

ఇది చెరువు సంగతి. సముద్రానికి కూడా ఇలాగే జరగబోయిందంటే నమ్ముతారా? అమెరికాలో జరగబోయింది. దాన్ని ఆపినవారు పెద్ద నాయకులు కారు, సైనికులు కారు. మట్టి తట్టలను కూడి చూసిన మామూలు పౌరులు. ఆ కథ విందాం.

సన్నని మెడ, పెద్ద కడుపు

బంగాళాఖాతం మీకు తెలుసు. సముద్రం నేలలోకి చొచ్చుకొని వచ్చిన భాగాన్ని అఖాతం అంటారు. అమెరికా పటంలో పడమటి తీరాన కాలిఫోర్నియా రాష్ట్రాన్ని వెదకండి. దాని నడుమ శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం కనిపిస్తుంది. బంగాళాఖాతం ముందు ఇది చాలా చిన్నది. ఆకారం కూజాలా ఉంటుంది. 'గోల్డెన్ గేట్' అనే మైలు వెడల్పు జలసంధి దాని మెడ. అక్కడ లోతు 350 అడుగులకు పైమాటే. మెడ దాటి లోపలికి వెళ్తే నీరు వెడల్పుగా పరుచుకొని ఉంటుంది గాని లోతు చాలా తక్కువ. అఖాతంలో మూడింట రెండు వంతులు 18 అడుగుల లోతైనా ఉండదు. శాక్రమెంటో, శాన్ వాకీన్ అనే రెండు నదులు మంచినీరు తెచ్చి ఇందులో కలుపుతాయి.

లోతు తక్కువ కావడమే అఖాతానికి ముప్పు తెచ్చింది. లోతు లేని నీటిని పూడ్చడం తేలిక, చవక కూడా!

మొదటి దెబ్బ బంగారం వల్ల తగిలింది. 1848లో అక్కడి కొండల్లో బంగారం బయటపడింది. తరువాత కొన్నేళ్ళకు, పెద్ద పెద్ద గొట్టాలతో నీటిని కొండల మీదికి చిమ్మి, మట్టిని కరిగించి బంగారం తీయడం మొదలుపెట్టారు. ఆ బురదంతా నదుల వెంట కొట్టుకొచ్చి అఖాతంలో చేరింది. 1884లో న్యాయస్థానం దాన్ని ఆపించింది. ఆ తరువాత పొలాల కోసం, ఉప్పు మళ్ళ కోసం గట్లు కట్టారు. రేవుల కోసం, విమానాశ్రయాల కోసం, ఇళ్ళ కోసం పూడ్చారు. ఊళ్ళోని చెత్తాచెదారం తెచ్చి ఒడ్డున కుమ్మరించారు. 1850 ప్రాంతంలో తీరపు చిత్తడి నేలలతో కలిపి సుమారు 787 చదరపు మైళ్ళున్న అఖాతం, 1960ల నాటికి సుమారు 548 చదరపు మైళ్ళకు తగ్గిపోయింది. దాదాపు మూడో వంతు మాయం! అప్పటికి ఏటా సగటున 2,300 ఎకరాల అఖాతం నేలగా మారిపోతూ ఉండేది.

ఇంత జరుగుతుంటే ప్రభుత్వం ఏం చేస్తోంది? మన లెక్కలోని చెరువు ఇక్కడే గుర్తుకు తెచ్చుకోవాలి. అఖాతం చుట్టూ తొమ్మిది కౌంటీలున్నాయి. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. తేడా ఏమిటంటే, కౌంటీని ప్రజలు ఎన్నుకొన్న మండలి పాలిస్తుంది. మండలిలో సాధారణంగా అయిదుగురు సభ్యులుంటారు. కౌంటీల లోపల మళ్ళీ ఎన్నో పట్టణాలు, ఒక్కొక్క పట్టణానికి ఒక్కొక్క కౌన్సిల్. ప్రతి కౌంటీ, ప్రతి పట్టణం తన ఎదుటి ఒడ్డు వరకే ఆలోచించింది. "కొంచెం పూడిస్తే కొత్త ఇళ్ళొస్తాయి, పన్నులొస్తాయి" అనుకొని తీర్మానం చేసింది. మొత్తం అఖాతాన్ని చూసే సభ ఒక్కటీ లేదు.

నీటి లెక్క మీరే చేయండి

కొంత నీరు పోతే నష్టమేమిటి అంటారా? చిన్న ప్రయోగం చేసి చూడండి. వెడల్పాటి పళ్ళెంలో అడుగున కొంచెం నీరు పోయండి. నీటి మట్టం ఒక సెంటీమీటరు పెరగడానికి ఎన్ని గ్లాసుల నీరు కావాలో లెక్కపెట్టండి. ఇప్పుడు పళ్ళెం ఖాళీ చేసి, ఒక పక్కన ఇటుక పెట్టి, మళ్ళీ అలాగే చేయండి. ఈసారి తక్కువ గ్లాసులు సరిపోతాయి. అవునా?

అఖాతంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు ఆటు వస్తుంది. పోటుకు సముద్రపు నీరు గోల్డెన్ గేటు గుండా లోపలికి వస్తుంది. ఆటుకు బయటికి పోతుంది. మనం నోట్లో నీళ్ళు పోసుకొని పుక్కిలించి ఉమ్మినట్లు, ఈ రాకపోకలు అఖాతాన్ని కడుగుతూ ఉంటాయి. ఇటుక పెట్టిన పళ్ళెంలో లాగే, అఖాతాన్ని పూడ్చిన కొద్దీ లోపలికి వచ్చే నీరు తగ్గుతుంది. ప్రవాహం మందగిస్తుంది. మురికి లోపలే నిలిచిపోతుంది. జి.కె. గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1917లోనే ఈ లెక్క కట్టి, ఒడ్డు నేలలకు గట్లు కడితే గోల్డెన్ గేట్ దగ్గరి ప్రవాహాలు బలహీనపడతాయని వివరించాడు. తీర్మానాలు చేసేవాళ్ళు దాన్ని పట్టించుకోలేదు.

ఆటు సమయంలో బయటపడే బురద నేలలు పనికిరానివిగా కనిపిస్తాయి. కాని ఆ బురద నిండా పురుగులు, నత్తలు, పీతలు. శీతకాలంలో ఉత్తరాన్నుంచి వలస వచ్చే లక్షలాది పక్షులకు అదే అన్నం పళ్ళెం. పూడ్చిన నేలలో ఇంకొక చిక్కు కూడా ఉంది. అది భూకంపాల ప్రాంతం. నీటితో తడిసిన వదులు మట్టి గట్టిగా ఊగితే, కొంతసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. 1989 అక్టోబరు 17న భూకంపం వచ్చినప్పుడు, శాన్ ఫ్రాన్సిస్కోలోని మెరీనా అనే పేటలో ఎన్నో ఇళ్ళు ఒరిగిపోయాయి. 1915 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం అఖాతాన్ని పూడ్చి చేసిన నేల అది!

బొమ్మ అఖాతం చెప్పిన తీర్పు

ఆ రోజుల్లో జాన్ రెబర్ అనే ఆయన ఒక పెద్ద ఆలోచన చేశాడు. అఖాతానికి అడ్డంగా రెండు ఆనకట్టలు కడితే మంచినీటి సరస్సులు ఏర్పడతాయన్నాడు. చాలామందికి అది నచ్చింది. కాని కట్టేముందు పరీక్షించాలి కదా! సైనిక ఇంజనీర్ల దళం 1957లో సాసలిటో అనే ఊళ్ళో సిమెంటుతో ఒక బొమ్మ అఖాతాన్ని నిర్మించింది. అసలు అఖాతంలో వెయ్యి అడుగుల పొడవు ఇందులో ఒక అడుగు. నూరు అడుగుల లోతు ఒక అడుగు. బొమ్మే అయినా ఎకరంన్నర ఉంటుంది. అసలు అఖాతంలో 24 గంటల 50 నిమిషాలు పట్టే ఆటుపోట్లు ఇందులో 15 నిమిషాల లోపే పూర్తవుతాయి. ఆనకట్టలు ఆ బొమ్మలో పెట్టి చూస్తే పథకం పనికిరాదని తేలింది. పనికిరాని పని కాగితం మీదా, బొమ్మలోనూ ఆగిపోయింది. ముందుగా లెక్క చూసుకోవడంలో ఉన్న లాభం అదే.

భయపెట్టిన పటం

కాని ఒడ్డున పూడ్చడం మాత్రం ఆగలేదు. అదే ఇంజనీర్ల దళం, ఇలాగే పూడ్చుకుంటూ పోతే 2020 నాటికి అఖాతం ఎలా ఉండవచ్చో ఒక పటం తయారుచేసింది. దాన్ని ఓక్లండ్ పట్టణపు దినపత్రిక ముద్రించింది. అందులో అఖాతం లేదు. నడుమన నది లాంటి ఒక నీటి పాయ మాత్రం మిగిలింది!

అలమేడా కౌంటీలోని బర్క్‌లీ పట్టణంలో కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గులిక్ అనే ముగ్గురు గృహిణులు ఆ పటం గురించి మాట్లాడుకున్నారు. వాళ్ళ పట్టణం కూడా 2,000 ఎకరాల అఖాతాన్ని పూడ్చాలనుకుంటోంది. అది జరిగితే పట్టణం దాదాపు రెట్టింపవుతుంది. 1961లో వాళ్ళు పర్యావరణ సంఘాల పెద్దలను ఇంటికి పిలిచి సంగతి చెప్పారు. పెద్దలంతా శ్రద్ధగా విన్నారు. "ముఖ్యమైన విషయమే. కాని మేము అడవుల పనిలో, పక్షుల పనిలో తీరిక లేకుండా ఉన్నాం" అన్నారు. తమ సభ్యుల చిరునామాలు ఇచ్చి, శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిపోయారు.

ఇక ఎవరో వస్తారని ఎదురుచూడడం దండుగ అని ముగ్గురికీ అర్థమయింది. ఉత్తరాలు రాశారు. ఒక డాలరు చందాతో అఖాత పరిరక్షణ సంఘం పెట్టారు. కౌన్సిల్ సభలకు జనాన్ని తీసుకువెళ్ళారు. కోపంతో కేకలు వేయడం కాదు, శాస్త్రజ్ఞులనూ నిపుణులనూ అడిగి తెలుసుకొన్న అంకెలు సభ ముందు పెట్టడం వాళ్ళ పద్ధతి. కొద్ది సంవత్సరాల్లోనే బర్క్‌లీ కౌన్సిల్ తన పథకాన్ని మానుకొంది.

కూడి చూసే సభ

ఒక్క పట్టణం మానితే చాలదు, మిగిలిన పట్టణాలు పూడుస్తూనే ఉంటాయి. అందుకని వాళ్ళు రాష్ట్ర శాసనసభ దాకా వెళ్ళారు. యూజీన్ మెకటీర్, నికొలస్ పెట్రిస్ అనే ఇద్దరు శాసనసభ్యులు తోడ్పడ్డారు. 1965లో చట్టం వచ్చింది. అఖాతం కోసం ప్రత్యేకంగా ఒక కమిషన్ ఏర్పడింది. మొదట తాత్కాలికంగా పెట్టిన దాన్ని 1969లో శాశ్వతం చేశారు.

ఆ కమిషన్‌లో 27 మంది. తొమ్మిది కౌంటీల నుంచి ఒక్కొక్కరు తొమ్మిదిమంది, పట్టణాల నుంచి నలుగురు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి అయిదుగురు, కేంద్ర ప్రభుత్వం నుంచి ఇద్దరు, ప్రజల తరఫున ఏడుగురు. కూడి చూడండి, సరిపోయిందా? అంటే చెరువు గట్టున ఉన్న ఇళ్ళవారంతా ఒకే చాప మీద కూర్చున్నారన్నమాట! ఇక ఎవరు పూడ్చాలన్నా అనుమతి కావాలి. ఆ పని నీటి ఒడ్డునే చేయవలసిన పనేనా? వేరే చోటు లేదా? పూడ్చక తప్పకపోతే కనీసం ఎంత చాలు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

శాన్ మాటియో కౌంటీలో శాన్ బ్రూనో కొండ తల నరికి, ఆ మట్టితో మైళ్ళ పొడవున అఖాతాన్ని పూడ్చాలని పెద్ద కంపెనీలు వేసిన పథకం కూడా ప్రజల పట్టుదల వల్ల ఆగిపోయింది. ఆ కొండ ఇప్పుడు రక్షిత ఉద్యానవనం. బర్క్‌లీ ఒడ్డున కూడా ఈనాడు ఉద్యానవనమే ఉంది. దానికి సిల్వియా మెక్‌లాఫ్లిన్ పేరు పెట్టారు. ఆమె 2016లో, 99వ ఏట కన్నుమూశారు. పటంలో భయపెట్టిన 2020 వచ్చింది, వెళ్ళింది. అఖాతం అఖాతంగానే ఉంది!

కాపలా ఆగదు

ఒకసారి గెలిస్తే పని అయిపోయినట్లేనా? కాదు. కౌంటీ మండళ్ళు ప్రతి నెలా ఏవో నిర్ణయాలు తీసుకుంటూనే ఉంటాయి. కాలిఫోర్నియాలో 1953 నుంచి ఒక మంచి చట్టం ఉంది. స్థానిక సభలు తలుపులు తెరిచి జరపాలి. ఏయే విషయాలు చర్చకు వస్తాయో మామూలు సభకు 72 గంటల ముందే బయట అతికించాలి. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. కాపలా అంటే కర్ర పట్టుకొని నిలబడడం కాదు, ఈ ఎజెండా కాగితాన్ని ఓపికగా చదవడం. ప్రమాదం తరచు చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

2003లో ప్రభుత్వాలు 15 వేల ఎకరాలకు పైగా ఉప్పు మళ్ళను కొని, మళ్ళీ చిత్తడి నేలలుగా మార్చే పని చేపట్టాయి. 2016లో తొమ్మిది కౌంటీల ప్రజలు, అఖాతాన్ని బాగుచేయడానికి ఏటా 12 డాలర్ల పన్ను తామే కట్టుకుంటామని ఓటు వేశారు. ఇప్పుడు లెక్క తిరగబడింది. భూమి వేడెక్కి సముద్రమట్టం పెరుగుతోంది. నీటిలోకి నేల చొచ్చుకుపోయే రోజులు పోయి, నేల మీదికి నీరు వచ్చే రోజులొచ్చాయి. అఖాతాన్ని పూడ్చి కట్టిన ఫోస్టర్ సిటీ తన చుట్టుగట్టును ఇటీవల ఇంకా ఎత్తు చేయవలసి వచ్చింది. 2023లో చేసిన చట్టం ప్రకారం అఖాతం ఒడ్డున ఉన్న కౌంటీలు, పట్టణాలు 2034 మొదలయ్యే నాటికి దీనికి ప్రణాళికలు సిద్ధం చేయాలి. శాంటా క్లారా, అలమేడా కౌంటీల్లో మన తెలుగువారు వేలాది మంది కాపురం ఉంటున్నారు. ఆ సభల్లో వాళ్ళకూ మాట్లాడే హక్కుంది, వినవలసిన బాధ్యతా ఉంది.

మరి మీ సంగతి? మీ ఊళ్ళోనూ చెరువో, కుంటో, కాలువో ఉండే ఉంటుంది. తాతగారిని అడిగి, ఆయన చిన్నతనంలో దాని నీరు ఎంతవరకు ఉండేదో నోటు పుస్తకంలో పటం గీయండి. ఇప్పుడు ఎంతవరకు ఉందో అడుగులతో కొలిచి, పక్కనే ఇంకొక పటం గీయండి. ఈసారి గ్రామసభ జరిగినప్పుడు పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళి, వెనక వరుసలో కూర్చొని వినండి. "ఒక్క తట్టే కదా!" అని ఎవరైనా అన్నప్పుడు, మీ రెండు పటాలూ తీసి చూపించండి. తట్టలు పోసేవారు ఎక్కడైనా ఉంటారు, కూడి చూసేవారే ఎప్పుడూ తక్కువ.