కొట్టము ముందు, ఇల్లు తరువాత

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత నెఱుగని తెలుగువా రుండరు. ఈ మాట పట్టణవాసికి ఎంత నిజమో పల్లెటూరి కాపునకు అంతకు రెట్టింపు నిజము. పట్టణమున గృహస్థుడు తన కొక యిల్లు కట్టుకొనిన చాలును. కాపు తన కొక యిల్లు, తన పశువుల కొక కొట్టము, గింజల కొక చోటు, గడ్డి కొక చోటు ఏర్పఱచుకొనవలెను. వీనిలో దేనిని ముందు కట్టవలెను, దేనిని ఎచ్చట కట్టవలెను అను విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ ప్రసంగమును దిల్‌సుఖ్‌నగరుతో ఆరంభించుట కొందఱికి వింతగా తోచవచ్చును. నేడు ఆ పేరు వినగానే బట్టల కొట్లు, చదువు చెప్పు కేంద్రములు, బస్సుల రద్దీ మనకు స్ఫురించును. కాని ఆ నేల యొకప్పుడు సాగునేల. మలక్‌పేట ప్రాంతపు జాగీర్దారగు దిల్‌సుఖ్ రాం పర్షాద్ తన వ్యవసాయభూమిని ఇండ్ల స్థలములుగా విభజింపగా, ఆయన పేరే ఆ పేటకు నిలిచినది. దాని ప్రక్కనున్న సరూర్‌నగరు చెఱువు పొలములకు నీరిచ్చుటకై త్రవ్వించిన పాత చెఱువు. కాలక్రమమున పొలములు పేటలైనవి. ఎల్.బి.నగరు, గడ్డిఅన్నారము పురపాలక సంఘములు 2007లో మహానగరమున కలిసినవి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగరు వఱకు వచ్చినది.

ఇప్పుడు ఆ పేటలలోని కుటుంబములు కొన్ని మరల నేల వైపు చూచుచున్నవి. హయత్‌నగరు దాటి, అబ్దుల్లాపురమెట్టు వైపున, ఇబ్రహీంపట్నము వైపున కొంత భూమి సంపాదించి, అచ్చట ఇల్లు కట్టి, రెండు పాడిగేదెలను పెట్టుకొని జీవింపవలెనని కోరువారు కలరు. వంశపారంపర్యముగా సేద్యము చేయుచు పాత యిల్లు కూలి క్రొత్తది కట్టుకొనువారును కలరు. నేను చెప్పునది ఈ ఇరువురికిని వర్తించును.

ఒక కుటుంబమును ఊహింతము. భార్యాభర్తలు, వృద్ధురాలగు తల్లి, ఇద్దఱు బిడ్డలు. వారికి నాలుగెకరముల చెలక, రెండు గేదెలు, ఒక జత ఎడ్లు ఉన్నవి. చేతిలో నున్న సొమ్ము పరిమితము. వానలు రెండు మూడు నెలలలో రానున్నవి. సామాన్యముగా ఇట్టివారు ఏమి చేయుదురు? మొదట ఇల్లు ఆరంభింతురు. బంధువులు చూచి మెచ్చవలెనని ముందరి గది పెద్దదిగా వేయుదురు. కప్పు పడునప్పటికి సొమ్ము చాలదు. పశువులకై నాలుగు గుంజలు పాతి, నాలుగు రేకులు పఱతురు. “వచ్చే యేడు మంచి కొట్టము కట్టుదము” అందురు. ఆ వచ్చే యేడు పదేండ్ల వఱకును రాదు. ఈ లోపల పశువులు బురదలో నిలిచి గిట్టలు చెడగొట్టుకొనును, పాలు తగ్గును, గడ్డి కుళ్లును. ఇంటిని పోషించు ఆదాయమే ఇంటి వలన చెడిపోవును.

కావున నా మతము ఇది: కొట్టము ముందు, ఇల్లు తరువాత. ఇందుకు మూడు కారణములు కలవు. మొదటిది, కొట్టము తక్కువ ఖర్చుతో, తక్కువ దినములలో లేచును. వానలు పడునప్పటికి పశువులును మేతయును నీడ చేరును. రెండవది, కొట్టములోని గడ్డిగది ఇంటిపని నడుచునంత కాలము సున్నమునకును, సిమెంటునకును, కలపకును గిడ్డంగియై, అవసరమైనచో కుటుంబమునకు వానకాలపు వసతియు నగును. మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. కొట్టము కట్టునపుడు ఆ నేల స్వభావము మనకు తెలియును. నీరు ఎటు పాఱుచున్నది, మన్ను ఎంత లోతున గట్టిపడుచున్నది, గాలి ఎటు వీచుచున్నది అను పాఠములు చిన్న గోడల మీద నేర్చుకొనిన, పెద్ద గోడలకు అక్కఱకు వచ్చును.

అయితే కొట్టమునకైనను ఇంటికైనను ముందు చూడవలసినది నీటి త్రోవ. చెఱువు నిండినపుడు మునుగు భూమికి మన రెవెన్యూ వ్యవహారమున శిఖము భూమి యని పేరు. వేసవిలో అది చదునుగా, మెత్తగా, ఇల్లు కట్టుటకే పుట్టినట్లు కనబడును. ధరయు తక్కువ చెప్పుదురు. కాని చెఱువు తన చోటును మఱవదు. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగరు చెఱువు పొంగి, దిగువనున్న పేటల ఇండ్లలోనికి నీరు చేరుట మన మెఱిగినదే. అచ్చట ఇల్లు కట్టుకొనిన సామాన్యుడు నీటికి అపరాధము చేయవలెనని కట్టలేదు. నీటి త్రోవ ఎచ్చటనో తెలియక కట్టినాడు. కావున పొలమున కట్టువారు గ్రామపటము చూచి, చెఱువు నిండుమట్టము, అలుగు, వాగు, కాలువ ఎచ్చట నున్నవో తెలిసికొని, ఆ మీదటనే ముగ్గు వేయవలెను. ఇల్లు కట్టు భాగమును వ్యవసాయేతర ఉపయోగమునకు మార్చుకొనుటకు 2006 నాటి చట్టము కలదు. ఆ అనుమతియు, గ్రామపంచాయతి అనుమతియు పొందిన తరువాతనే పునాది త్రవ్వుట మేలు.

తరువాత మన్ను చూడవలెను. మన తూర్పు ప్రాంతమున హెచ్చుభాగము ఎఱ్ఱనేల. క్రింద మొఱము, దాని క్రింద నల్లరాయి. ఇది పునాదికి మంచి నేల. కాని చెఱువుల దిగువను, పల్లములందును రేగడి కనబడును. రేగడి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిపై నిలిపిన గోడ రెండేండ్లలో చీలును. కావున నాలుగైదు అడుగుల గుంత త్రవ్వి చూచి, రేగడి యున్నచో దానిని దాటి మొఱము తగులువఱకు పునాది దింపవలెను; లేదా చోటు మార్చుకొనవలెను. చోటు మార్చుటకు సొమ్ము పట్టదు.

ఇక కొట్టము కొలతలు. పశువు ఒక్కంటికి నిలుచుటకు నాలుగడుగుల వెడల్పు, ఆఱడుగుల పొడవు కావలెను. నాలుగు పశువులకు వరుసగా 16 అడుగులు. దూడల మూలకు ఆఱడుగులు, గడ్డిగదికి పదడుగులు చేర్చిన మొత్తము 32 అడుగుల పొడవగును. వెడల్పు లెక్క ఇట్లు: మేత వేయు త్రోవ మూడడుగులు, గాడి రెండడుగులు, నిలుచు చోటు ఆఱడుగులు, మూత్రపు కాలువ ఒక అడుగు, వెనుక నడచు త్రోవ నాలుగడుగులు, వెరసి 16 అడుగులు. పొడవును తూర్పు పడమరలుగా నుంచిన వేసవి యెండ లోపలికి చొరబడదు. చూరు ఆఱడుగులకు తక్కువ కారాదు. గోడలు నడుమెత్తు చాలును. పైభాగము గాలికి విడిచిపెట్టవలెను.

నేలకు నున్నని షాబాదు బండలు పఱచుట పొరపాటు. అవి ఇంటికి అందము, గేదెకు అపాయము. తడిసిన బండపై కాలు జాఱిన పశువు మరల లేచుట కష్టము. గరుకైన రాతిపలకలు గాని, గీతలు గీసిన సిమెంటు నేల గాని తగును. గాడి నుండి కాలువ వైపు ఆఱడుగులకు రెండంగుళముల లోపు వాలు చాలును. వాలు హెచ్చిన చూలుపశువునకు శ్రమ.

కప్పు సంగతి. ఇనుపరేకు చవుక, తేలిక. కాని మే నెలలో దాని క్రింద గేదె నిప్పులలో నున్నట్లే. గేదె చర్మము నలుపు, దానికి చెమట గ్రంథులు తక్కువ. కావున పెంకుకప్పు మేలు. రేకే వేయవలసి వచ్చినచో ఎండకాలమున దానిపై చొప్ప గాని తాటాకు గాని పఱచి, పడమట వేపచెట్టును, కానుగచెట్టును పెంచవలెను. ఆ కప్పే నీటికి ఆధారమగును. హైదరాబాదులో ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. మనము చెప్పుకొనిన కొట్టము కప్పుపై పడు నీరు ఆ లెక్కను ఏటికి 40 వేల లీటర్లు. వేసవిలో పాడిగేదె దినమునకు 50 లీటర్లకు తక్కువ కాకుండ త్రాగును. ఆ వాననీటిని తొట్టికి గాని, బావి ప్రక్క ఇంకుడుగుంతకు గాని మళ్లించుట వివేకము.

ఎరువుగుంతను బావికి 50 అడుగుల దూరమున, పల్లపు వైపున, చెట్టునీడను త్రవ్వవలెను. పశువు విసర్జించు నత్రజనిలో పెద్ద పాలు మూత్రముననే యుండును. మట్టినేలలో అది ఇంకిపోయి ఎవ్వరికిని కాకుండ పోవుచున్నది. పైన చెప్పిన కాలువ దానిని గుంతకు చేర్చును. నాలుగు పశువుల పేడతో రెండు ఘనమీటర్ల గోబరు గ్యాసు తొట్టి నడుచును. ఐదుగురి వంటకు అది చాలును. వెలువడిన ముద్ద పొలమునకే పోవును.

గడ్డివామును మాత్రము కొట్టమునకు దూరముగా వేయవలెను. తడి ఆరని గడ్డిని వామిగా వేసినచో లోలోపల వేడెక్కి దానంతట అదియే రాజుకొనవచ్చును. గడ్డిగదిలో వారము పది దినముల మేత మాత్రము నిలువ యుంచుకొనుట క్షేమము. విద్యుత్తు తీగలను కొట్టమున గొట్టములలో నుంచి బిగింపవలెను.

పూర్వము తెలంగాణపు పల్లెలలో చాలచోట్ల మనుష్యులకును పశువులకును దర్వాజ ఒక్కటే. దొంగల భయము, చిఱుతపులి భయము అందుకు కారణములు. పశువు ఈనునపుడు ఇల్లాలికి వెంటనే తెలియుట అందలి లాభము. ఈగలు, దోమలు, దుర్గంధము అందలి నష్టము. నేడు కప్పులు రెండుగాను, వాకిలి ఒక్కటిగాను ఉండవలెనని నా సలహా. నడుమ 40 అడుగుల ఎడముంచి, వంటయింటి తలుపు నుండి కొట్టము కనబడునట్లు ఇంటిని నిలుపవలెను. వాస్తు చెప్పువారు పశుశాలకు వాయవ్యమును చూపుదురు. వారితో నాకు తగవు లేదు. కాని వానకాలమున మనకు గాలి పడమటి నుండి వీచును. వాయవ్యమున కట్టువారు ఎడమును మఱికొంత పెంచుకొనవలెను. ఆ చోటు ఇంటి కంటె ఎత్తైనచో ఏ శాస్త్రమును పేడనీటిని ఆపజాలదు, వాలునే అనుసరింపవలెను.

ఇల్లు సంగతి క్లుప్తముగా చెప్పెదను. అరుగు నేలకు రెండడుగుల ఎత్తుండవలెను. మూడు గదులతో ఆరంభించి, నాలుగవ దానికి గోడలో పండ్లు విడిచి యుంచవలెను. ముసలితల్లికి మెట్లెక్కు పని లేని గది కేటాయింపవలెను. చేతిలోని సొమ్మంతయు గోడలకు పోయక, ఒక పంట చెడినను గడచునంత మిగుల్చుకొనవలెను. అప్పులేని చిన్న యిల్లు అప్పుతో లేచిన మేడకంటె చల్లన.

కొట్టము ముందు కట్టుమనుట పశువును మనిషికంటె మిన్న చేయుట కాదు. ఆ యింటి పొయ్యి వెలుగుట, బిడ్డల చదువు సాగుట, పొలమున ఎరువు పడుట ఆ నాలుగు పశువుల మీద ఆధారపడి యున్నవి. భూమి కొనదలచినవారు ఎండకాలమున బేరమాడి వెంటనే బయానా ఇచ్చివేయుట వాడుక. అట్లు చేయక, గట్టివాన కురిసిన మఱునాడు ఒకసారి ఆ పొలమునకు పోయి, నీరు ఎచ్చట నిలిచినదో, ఎటు పోయినదో కన్నులార చూచి రావలెను. ఆ నేల చెప్పవలసినదంతయు ఆనాడు చెప్పును.