గింజ స్వభావం తెలిసి విత్తితేనే మొలక: ఇంటి కుండీలో కొత్తిమీర, సబ్జా, కరివేపాకు

ఇంటి కుండీలో తొలిసారి విత్తనం వేసేవారిలో చాలామంది ఎంచుకునేది కొత్తిమీర. విత్తనం కోసం వెతకవలసిన పని లేదు, వంటింటి డబ్బాలో ధనియాలు సిద్ధంగా ఉంటాయి. అయితే తొలిసారి విత్తినవారిని ఎక్కువగా నిరాశపరిచేది కూడా ఈ కొత్తిమీరే. వారం గడిచినా మొలక కనిపించకపోతే కుండీని తిరగవేసి, తమ హస్తవాసి మంచిది కాదని సరిపెట్టుకుంటారు. ఆ తరువాత మరొక విత్తనం జోలికి పోరు. మిద్దెతోటలను, పెరటి సాగును ప్రోత్సహించే విస్తరణ కార్యక్రమాలకు ఇది చిన్న నష్టం కాదు.

మొలక రాకపోవడానికి కారణం చాలా సందర్భాలలో విత్తేవారి చేతిలో ఉండదు, గింజ నిర్మాణంలోనూ దాని జీవక్రియలోనూ ఉంటుంది. "రాత్రంతా నానబెట్టి, మరునాడు విత్తండి" అనే ఒకే సలహాను అన్ని ఆకుమొక్కలకు వర్తింపజేయడం వల్ల కూడా వైఫల్యాలు పెరుగుతున్నాయి. వంటింట్లో నిత్యం వాడే నాలుగైదు మొక్కలను పరిశీలిస్తే, ఒక గింజకు మేలు చేసే పద్ధతి మరొక గింజకు ఎలా చేటు తెస్తుందో స్పష్టమవుతుంది.

ధనియం: ఒక కాయ, రెండు గింజలు

ధనియం నిజానికి విత్తనం కాదు, ఎండిన కాయ. అందులో రెండు అర్ధభాగాలు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క గింజ ఉంటుంది. కాయపొర గట్టిగా ఉండటం వల్ల నీరు లోపలికి చేరడానికి సమయం పడుతుంది. పైగా ఈ కుటుంబపు మొక్కల గింజలలో పిండం చిన్నదిగా ఉండి, కొంత పెరిగిన తరువాతే మొలక బయటికి వస్తుంది. ధనియాల సాగులో రైతులు విత్తే ముందు కాయలను రుద్ది రెండుగా చీల్చడంలోని అంతరార్థం ఇదే. ఇంటి వద్ద ధనియాలను నేలపై పరచి, చెక్కతో మెల్లగా రుద్దితే చాలు. రోకలితో దంచితే పిండం దెబ్బతింటుంది. చీల్చిన గింజలను సుమారు 12 గంటలు నానబెట్టి, నీడలో తడి ఆరనిచ్చి, ఒక సెంటీమీటరు లోతున విత్తాలి.

ఆపై కావలసింది ఓపిక. అంతర్జాతీయ విత్తన పరీక్షా నియమాలలో ధనియాల మొలకలను తొలిసారి లెక్కించేది 7వ రోజున, తుది లెక్క 21వ రోజున. మెంతులకు ఈ గడువులు 5, 14 రోజులు. అనుకూల పరిస్థితులు కల్పించే ప్రయోగశాలలోనే మూడు వారాలు వేచి చూసే గింజను ఇంటి మేడపై ఎనిమిదవ రోజునే పారవేయడం తొందరపాటే అవుతుంది.

ఇక కిరాణా దుకాణపు ధనియాలు ఆహారంగా అమ్మేవి. విత్తన చట్టం, 1966 కోరే మొలక శాతపు హామీ వాటికి ఉండదు. అవి ఎంత పాతవో, ఎలా నిల్వ చేశారో తెలియదు. వాటిలో మొలిచేవీ ఉంటాయి, మొలవనివీ ఉంటాయి. కాబట్టి విత్తే ముందు పరీక్షించుకోవడం మేలు. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలను మాత్రం వంటకు ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

సబ్జా: నానబెడితే చేటు

వేసవి పానీయాలలో వేసుకునే సబ్జా గింజలు రుద్రజడ మొక్కవి. పాశ్చాత్య వంటకాలలో వాడే బేసిల్ కూడా ఇదే జాతికి చెందినది. పూజలో వాడే తులసి దీనికి దగ్గరి బంధువే అయినా వేరే జాతి. సబ్జా గింజ నీటిలో పడిన కొద్ది నిమిషాలలోనే చుట్టూ జిగురుపొర ఏర్పడి ఉబ్బుతుంది. ప్రకృతిలో ఈ పొర తేమను పట్టి ఉంచి, గింజను మట్టికి అంటిపెడుతుంది. ధనియాల మాదిరిగా నానబెడితే గింజలన్నీ ముద్దగా అంటుకొని, విడివిడిగా విత్తడానికి వీలుపడదు.

ఈ గింజలను పొడిగానే, కొద్దిగా పొడి ఇసుకతో కలిపి, ముందే తడిపిన మట్టిపై పలుచగా చల్లాలి. గింజ చిన్నది కనుక అందులో నిల్వ ఉన్న ఆహారం కూడా స్వల్పమే. లోతుగా పడితే మొలక పైకి చేరకముందే అలసిపోతుంది. జల్లించిన ఎరువును పలుచటి పొరగా చల్లి, తుంపరగా నీరివ్వాలి. నీరు నిలిస్తే నారుకుళ్ళు తెగులు సోకుతుంది. సబ్జా, తులసి నారును పీకి నాటుకోవచ్చు. తల్లివేరు గల కొత్తిమీరను అలా మార్చి నాటడం అనుకూలం కాదు. దానిని పెరగవలసిన చోటనే విత్తుకోవాలి.

కరివేపాకు: ఎండబెడితే మృతి

విత్తనమంటే ఎండబెట్టి దాచుకునేదన్న అభిప్రాయం కరివేపాకు విషయంలో చెల్లదు. మామిడి టెంక, పనస గింజల వలె కరివేపాకు గింజ కూడా ఎండుదలను తట్టుకోలేదు. తేమ తగ్గుతున్నకొద్దీ దానిలోని జీవశక్తి నశిస్తుంది. బాగా పండి నల్లబడిన కాయలను కోసి, గుజ్జు తీసి, గింజలను కడిగి మూడు నాలుగు రోజులలోపే విత్తాలి. సుమారు మూడు వారాలలో మొలకలు వస్తాయి. తాజా కాయలు దొరకనప్పుడు పాత చెట్టు చుట్టూ వచ్చే వేరుపిలకలను వేరుతో సహా తీసి నాటుకోవడమే సులభమైన మార్గం.

గింజతో రానివి

వాము గింజలు విత్తి, బజ్జీలకు పనికివచ్చే మందపాటి వామాకు కోసం ఎదురుచూసేవారు ఉన్నారు. ఆ రెండూ వేర్వేరు మొక్కలు. వాము ధనియాల కుటుంబానికి చెందిన ఏకవార్షికం. వామాకుగా పిలిచే కర్పూరవల్లి తులసి కుటుంబానికి చెందినది, కొమ్మ ముక్కలతో తేలికగా వేళ్ళూనుతుంది. పుదీనాను సైతం పాకే కాండపు ముక్కలతోనే పెంచుకోవాలి. గింజతో వచ్చిన పుదీనాకు తల్లిమొక్క సువాసన ఉంటుందన్న భరోసా లేదు.

కాలం కూడా విత్తనమంత ముఖ్యం

కొత్తిమీర చల్లని, పొడి వాతావరణపు పంట. తెలుగు రాష్ట్రాలలో నల్లరేగడి నేలల్లో రబీలో ధనియాలు సాగుచేయడం ఇందువల్లనే. గుంటూరు సమీపంలోని లాం పరిశోధన స్థానం నుండి వెలువడిన సింధు, సాధన, స్వాతి వంటి రకాలను ప్రధానంగా ధనియాల దిగుబడి కోసమే రూపొందించారు. ఆకు కోసం పెంచేవారి అవసరం వేరు: పూత ఆలస్యంగా రావాలి. వేడిమి, దీర్ఘమైన పగటికాలం మొక్కను త్వరగా పూతకు తెస్తాయి. అందువల్ల ఇంట్లో అక్టోబరు నుండి జనవరి వరకు రెండు వారాలకొకసారి కొద్దికొద్దిగా విత్తుకుంటే ఆకు ఎడతెగకుండా అందుతుంది. వేసవిలో విత్తక తప్పకపోతే నీడవల కింద ఉంచాలి. అప్పుడు కూడా శీతాకాలపు దిగుబడిని ఆశించరాదు.

విస్తరణ సిబ్బంది చేయవలసినది

విత్తన సంచులు పంచేటప్పుడు ప్రతి గింజకు మూడు విషయాలు ముద్రించి ఇవ్వడం అవసరం: నానబెట్టాలా వద్దా, ఎంత లోతున విత్తాలి, ఎన్ని రోజులు వేచి చూడాలి. దానితోపాటు ఇంటి మొలక పరీక్షను చేసి చూపాలి. రుద్ది చీల్చిన ధనియపు గింజలు 20 లెక్కించి, తడి గుడ్డలో పరచి చుట్టి, నీడలో తేమ ఆరకుండా ఉంచాలి. పది మొలిస్తే మొలక శాతం 50, అంటే రెట్టింపు గింజ చల్లాలి. ఒకటి రెండు మాత్రమే మొలిస్తే ఆ ధనియాలను పొడికి వాడుకొని, విత్తనం వేరే తెచ్చుకోవాలి. విడదీయని కాయలతో పరీక్ష చేస్తే ఒక కాయ నుండి రెండు మొలకలు వచ్చి లెక్క తప్పుతుందని విద్యార్థులు గమనించాలి.

ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఆ తడి గుడ్డను విప్పి చూసిన గృహిణికి తన కుండీ ఎందుకు ఖాళీగా మిగిలిందో మరొకరు చెప్పవలసిన అవసరం ఉండదు. గింజ పాతదో, లోతు ఎక్కువైందో, గడువు చాలలేదో ఆమే తేల్చుకోగలదు. మరుసటి విత్తనం వేయడానికి ఆమెకు కావలసిన ధైర్యం ఆ అవగాహన నుండే వస్తుంది.