రోజంతా క్యూలోనేనా? థీమ్ పార్కు సెలవులకి ముందు వేసుకోవలసిన లెక్కలు

(మన వారాంతపు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. మాట్లాడిన ధోరణిని అలాగే ఉంచాము.)



నేను దుబాయ్‌లో అల్ ఖూజ్ నుంచి మాట్లాడుతున్నాను. దుబాయ్ అనగానే మీకు బుర్జ్ ఖలీఫా కళ్ళ ముందు మెదులుతుంది కదా! మా అల్ ఖూజ్ ఆ వరసలోది కాదండీ. గోదాములు, కార్ల గ్యారేజీలు, వర్క్‌షాపులు, కార్మికుల క్యాంపులు, వాటి మధ్యలో మాలాంటివాళ్ళ ఫ్లాట్లు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్. ఏ పనికైనా ముందు ఒక పట్టిక గీసుకోవడం అలవాటైపోయింది. "కూరగాయలకి కూడా ఎక్సెల్ షీటేనా?" అని మా ఆవిడ నవ్వుతూ ఉంటుంది.

అమెరికా నుంచో, లండన్ నుంచో ఇండియా వెళ్తూ దారిలో నాలుగు రోజులు ఇక్కడ దిగే మనవాళ్ళు చాలామంది ఫోన్ చేసి, "ఏ పార్కు బాగుంటుందండీ?" అని అడుగుతారు. అది మూడో ప్రశ్న అంటాను నేను. మొదటిది, ఎవరెవరు వస్తున్నారు? రెండోది, ఏ నెలలో వస్తున్నారు? ఈ రెండూ తేలితే పార్కు దానంతటదే తేలుతుంది.

ఇదేమీ పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నదే! కొన్నేళ్ళ కిందట అమ్మా నాన్నా కాకినాడ నుంచి మొదటిసారి వచ్చారు. జులై నెల. ఆరుబయట ఉండే ఒక పార్కుకి టిక్కెట్ల మీద మంచి తగ్గింపు ఉందని కొనేశాను. ఆ నెలలో ఎందుకు తగ్గించారో ఆలోచించలేదు! ఇంట్లో టిఫిన్లు అయ్యి బయలుదేరేసరికి పదకొండు, గేటు దాటేసరికి పన్నెండు. సాయంత్రానికి ఎక్కినవి మూడు రైడ్లు, నిలబడింది నాలుగు గంటల పైన. నాన్న ఒక బెంచీ చూసుకుని కూలబడి, "తిరుపతి క్యూలో అయితే చివర్న దేవుడైనా కనిపిస్తాడు కదరా!" అన్నారు. అమ్మకి అసలే మోకాళ్ళ నొప్పులు. మిగిలిన వారం రోజులూ గుమ్మం దాటలేకపోయింది. తప్పు పార్కుది కాదు, నాదే.

పోయిన ఏడాది నవంబరులో నాకు ఇంకా పెద్ద పరీక్ష ఎదురైంది. మా వీధి చివర కఫెటీరియా దగ్గర కరక్ టీ తాగుతూ పరిచయమైన ఒక అన్న ఉన్నారు. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది, ఎలక్ట్రీషియన్ పని, ఉండేది క్యాంపులో. ఊరికి వెళ్ళేది రెండేళ్ళకోసారి. భార్యనీ ఇద్దరు పిల్లలనీ పది రోజుల కోసం పిలిపిస్తున్నానని, సాయం చెయ్యమని అడిగారు. "తమ్మీ, యాస్‌ల ఆ కార్టూన్ల పార్కు కట్టేటప్పుడు కరెంటు పని చేసినం. తయారైనంక లోపలికి పోయింది లేదు. పిల్లలకు చూపెట్టాలె. సెలవు ఒక్కటే దినం దొరికింది. ఆ ఒక్క దినం లైన్ల నిలబడుడే కావద్దు" అన్నారు. నలుగురి టిక్కెట్లు కలిపితే ఆయన నెల జీతంలో చాలా భాగం. ఈసారి నా లెక్క తప్పితే సర్దుకోవడానికి రెండో రోజు లేదు.

మొట్టమొదట పిల్లల ఎత్తు అడిగాను. రైడ్ ఎక్కనిచ్చేదీ లేనిదీ తేల్చేది చాలాచోట్ల వయసు కాదండీ, ఎత్తు. గేటు దగ్గర సెంటీమీటర్లలో కొలుస్తారు. అరగంట నిలబడ్డాక "బాబు ఎత్తు చాలదు" అంటే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు. అన్న నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించబోయి ఆగిపోయారు. "ఎర్కలేదు తమ్మీ, చూసి రెండేండ్లాయె" అన్నారు. మర్నాడు ఊళ్ళో వదిన పిల్లల్ని చెప్పుల్లేకుండా దర్వాజకి ఆనించి నిలబెట్టి, టేపుతో కొలిచి పంపించింది. పాప 127, బాబు 104. అన్న క్యాంపులో తన మంచం పక్క గోడ మీద ఆ రెండు గీతలూ పెన్సిల్‌తో గీసుకున్నారు. మీరు కూడా టిక్కెట్ కొనే ముందే ఈ పని చెయ్యండి. పార్కు వెబ్‌సైటులో ప్రతి రైడుకీ ఎత్తు రాసి ఉంటుంది.

ఇక పార్కులు. అబూ ధాబీ వైపు యాస్ ద్వీపంలో ఫెరారీ వరల్డ్ (2010), యాస్ వాటర్‌వరల్డ్ (2013), వార్నర్ బ్రదర్స్ వరల్డ్ (2018), సీవరల్డ్ (2023) పక్కపక్కనే ఉన్నాయి. దుబాయ్‌లో పామ్ మీద అక్వావెంచర్, షేక్ మహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు మీద ఐఎంజీ వరల్డ్స్, అబూ ధాబీ వెళ్ళే దారిలో జెబెల్ అలీ వైపు దుబాయ్ పార్క్స్ అండ్ రిసార్ట్స్ ఉన్నాయి. మోషన్‌గేట్, లెగోలాండ్ ఈ చివరి దాంట్లోవే. అన్నట్టు, పాత వీడియోలు చూసి బాలీవుడ్ పార్క్స్ అడగకండి, అది 2023 ఏప్రిల్‌లో శాశ్వతంగా మూతపడింది. యాస్‌లో డిస్నీ పార్కు వస్తుందని 2025 మేలో ప్రకటించారు. పిల్లలు అడిగితే "పెద్దయ్యాక" అని చెప్పండి!

ఫెరారీ వరల్డ్‌లోని ఫార్ములా రోసా గంటకి 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మొదలైనప్పుడు ప్రపంచంలోనే అన్నిటికన్నా వేగమైన రోలర్ కోస్టర్ అదే. కాలేజీ పిల్లలుంటే అక్కడికి వెళ్ళండి. 104 సెంటీమీటర్ల బాబుకి అదేం అక్కరకొస్తుంది? చిన్నపిల్లలకి వార్నర్ బ్రదర్స్‌లో టామ్ అండ్ జెర్రీ, స్కూబీ డూ ఉన్నాయి. పెద్దవాళ్ళు తోడుంటే సీవరల్డ్ హాయి. నడవగలిగినంత నడిచి, కూర్చుని చేపల్ని చూడవచ్చు.

నెల సంగతికి వద్దాం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. ఎండకి రాటుదేలిన కార్మికుణ్ణే నిలబెట్టకూడదన్న వేళలో మన అమ్మమ్మల్ని లైన్లో నిలబెడదామా? వేసవిలో తప్పనిసరిగా రావలసి వస్తే పైకప్పున్న ఏసీ పార్కులే చూసుకోండి. యాస్‌లో నీళ్ళ పార్కు తప్ప మిగిలిన మూడూ చాలావరకు లోపలే, ఐఎంజీ కూడా అంతే. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం బాగుంటుంది కానీ డిసెంబరు ఆఖరి రెండు వారాలు, ఈద్ సెలవులు, యాస్‌లో ఫార్ములా వన్ పందేలు జరిగే వారం తప్పించుకోండి. ఇంకో మాట. "ఆదివారం వెళ్ళండి, ఖాళీగా ఉంటుంది" అని పాత చుట్టాలు చెబుతారు. 2021 దాకా అది నిజమే, అప్పట్లో ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. 2022 జనవరి నుంచి శని, ఆదివారాలయ్యాయి. ఇప్పుడు మంగళ, బుధవారాలు మేలు. అన్న చేత సెలవు మంగళవారానికే పెట్టించాను.

ఇప్పుడు అసలు విషయం, క్యూ. 1909లో కోపెన్‌హేగన్‌లో ఎర్లాంగ్ అనే ఇంజనీరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ లెక్కలతో క్యూల శాస్త్రానికి పునాది వేశారు. 1961లో జాన్ లిటిల్ అనే ఆచార్యుడు ఒక చిన్న సూత్రాన్ని రుజువు చేశారు. మన భాషలో చెప్పాలంటే, మీ ముందున్న మనుషుల్ని గంటకి ఎక్కే మనుషులతో భాగిస్తే మీరు నిలబడవలసిన సమయం వస్తుంది. బండిలో 16 మంది కూర్చుంటారు, రెండు నిమిషాలకో బండి కదులుతోంది అనుకోండి. గంటకి 480 మంది. మీ ముందు 240 మంది ఉంటే అరగంట. లైనులో ఒక మలుపులోని తలలు లెక్కపెట్టి మలుపుల సంఖ్యతో గుణించండి, బండి బండికీ మధ్య ఎంతసేపో గడియారం చూడండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

దీంట్లోంచి ఇంకో సంగతి తెలుస్తుంది. పొడుగాటి లైను చూసి భయపడనక్కర్లేదు, నెమ్మదిగా కదిలే లైనుని చూసి భయపడాలి. తక్కువమంది పట్టే పేరున్న రైడుని తలుపులు తెరవగానే ఎక్కెయ్యండి. ఎక్కువమంది పట్టేవీ, కూర్చుని చూసే ప్రదర్శనలూ మధ్యాహ్నానికి ఉంచుకోండి. తెరిచే సమయానికి అరగంట ముందు గేటు దగ్గరుండాలి. మొదటి గంటన్నరలో ఎక్కినన్ని మధ్యాహ్నం మూడు గంటల్లో కూడా ఎక్కలేరు.

మరి త్వరగా పంపించే పాసు కొనాలా? తిరుమలలో 300 రూపాయల టిక్కెట్ లాంటిదే ఇది. లెక్క వేసుకోండి. మనిషికి 150 దిర్హాములు అదనం అనుకుందాం, నలుగురికి 600. మూడు గంటలు మిగిలితే గంటకి 200 పడినట్టు. సెలవుల రద్దీలో అది పనికొస్తుంది, మంగళవారం నాడు దండగ. చంటిపిల్లలుంటే ఒకరు ఎక్కి వచ్చాక రెండోవారు మళ్ళీ మొదట్నుంచీ నిలబడకుండా వెళ్ళే సదుపాయం చాలాచోట్ల ఉంటుంది. నోరు విప్పి అడగాలి, అంతే.

రవాణా. మెట్రో ఇక్కడి ఏ పెద్ద పార్కు గేటు దాకానూ పోదు. పామ్ మీదికి మోనోరైలు ఉంది. అల్ ఖూజ్ నుంచి ఐఎంజీ దగ్గరే, యాస్ మాత్రం నూరు కిలోమీటర్ల పైచిలుకు, కారులో గంటకి పైన. ఇబ్న్ బత్తూతా నుంచి అబూ ధాబీ బస్సులున్నాయి కానీ జాగ్రత్త, అవి నగరంలోకి పోతాయి. యాస్ నగరానికి ముందే వస్తుంది కాబట్టి మళ్ళీ వెనక్కి రావాలి. పిల్లలతో ఆ తిప్పట వద్దు. నలుగురుంటే టాక్సీయో అద్దెకారో నయం. దుబాయ్ దాటేలోపు సాలిక్ టోలు గేట్లు తగులుతాయి. మామూలు రోజుల్లో రద్దీ వేళ ఒక్కో గేటుకి 6 దిర్హాములు, మిగతా వేళల్లో చాలావరకు 4. అద్దెకారైతే ఆ బిల్లు తర్వాత వస్తుంది, కంగారుపడకండి.

హోటల్. క్యాంపులో కుటుంబాన్ని ఉండనివ్వరు కనక అన్నకి గది కావలసి వచ్చింది. బర్ దుబాయ్‌లో మెట్రో పక్కన చిన్న హోటల్ చూశాం. మిగిలిన రోజుల్లో ఆయన పనిలో ఉంటే వదినా పిల్లలూ మెట్రోలో తిరగాలి, కరామాలో మన భోజనం దొరకాలి కదా! కానీ యాస్‌లో రెండు మూడు పార్కులు చూసేవాళ్ళు రెండు రాత్రులు ఆ ద్వీపంలోనే ఉండండి. అక్కడ హోటళ్ళకీ పార్కులకీ మధ్య ఉచిత బస్సు తిరుగుతుంది. దగ్గరుంటే మధ్యాహ్నం వచ్చి పెద్దవాళ్ళు నడుం వాల్చవచ్చు. బయటికెళ్ళి మళ్ళీ రానిస్తారో లేదో గేటు దగ్గర ముందే అడగండి. గది ధర చూసేటప్పుడు, దుబాయ్‌లో అయితే గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హాముల దాకా టూరిజం రుసుము విడిగా ఉంటుందని గుర్తుంచుకోండి. డాలరుకి 3.67 దిర్హాములు, ఆ లెక్క 1997 నుంచీ మారలేదు. భారత పాస్‌పోర్టుతో పాటు అమెరికా గ్రీన్‌కార్డో, బ్రిటన్ నివాస అనుమతో ఉన్నవారికి దిగగానే 14 రోజుల వీసా ఇస్తారు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. బయలుదేరే ముందు నిబంధనలు మరోసారి చూసుకోండి.

ఆ మంగళవారం నేను కూడా సెలవు పెట్టి అందరినీ కారులో తీసుకెళ్ళాను. తలుపులు తెరిచేసరికి ముందు వరసలో ఉన్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పిల్లలు ఆరు ఎక్కారు. అన్నిటికన్నా ఎక్కువ నిలబడింది ఇరవై నిమిషాలు. నా పట్టిక ప్రకారం తరువాతిది ఏడోది. "పదండి, పదండి" అంటూ తొందర పెడుతున్నాను.

అన్న కదల్లేదు. గోథమ్ సిటీ అని అక్కడ ఒక భాగం ఉంది, లోపలంతా ఎప్పుడూ రాత్రిలాగే ఉంటుంది. ఆయన తల పైకెత్తి నిలబడిపోయారు. పాపని దగ్గరికి పిలిచి, "అగో, ఆ మూలకు లైట్లు కనవడుతున్నయా? ఆ లైను మేమే గుంజినం" అన్నారు. పాప వేలు చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టింది. బాబు అప్పటికే ఆయన భుజం మీద నిద్రపోయాడు. వదిన ఏమీ అనలేదు, చాలాసేపు పైకే చూసింది. ఏడో రైడు ఎక్కలేదు, ఎవరూ అడగనూ లేదు.

అందుకే ఆఖరి మాటగా చెబుతున్నాను. ఎత్తు కొలవండి, వారం చూసుకోండి, తలలు లెక్కపెట్టండి, గది దగ్గర్లో తీసుకోండి. ఇదంతా చేస్తే మీకు రెండు గంటలు మిగులుతాయి. దయచేసి ఆ రెండు గంటల్లో ఇంకో నాలుగు రైడ్లు ఇరికించకండి. మావాళ్ళు మళ్ళీ జనవరిలో వస్తున్నారు. ఈసారి పట్టికలో మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఖాళీ గడి పెట్టాను. అమ్మ ఎక్కడ కూర్చుందామంటే అక్కడ కూర్చుంటాం.