గ్రబ్ దొరగారి ఎర్ర చుక్క

పిస్టల్‌తో గురి పెట్టేవాడి కంటికి ఒకేసారి మూడు చోట్ల పని పడుతుంది. వెనక సైట్ గాడి కంటికి రెండడుగుల దూరంలో ఉంటుంది. ముందు సైట్ మొన దానికి ఇంకో ఆరేడు అంగుళాలు అవతల. టార్గెట్ ఏమో 25 మీటర్లలో. మూడూ ఒకే వరసలోకి రావాలి. కంటిలోని కటకం మాత్రం ఒక్క దూరానికే సర్దుకోగలదు. అందుకే కోచ్‌లు టార్గెట్ మసకగా ఉన్నా పట్టించుకోకుండా ముందు సైట్‌నే చూడమంటారు. కుర్రకళ్లకు అది అలవడుతుంది. చత్వారం వచ్చిన కంటికి ఆ ముందు సైట్ కూడా అలుక్కుపోయి కనిపిస్తుంది.

ఈ చిక్కుకు 1900లో దారి చూపినవాడు తుపాకులు చేసేవాడు కాదు, డబ్లిన్‌లో టెలిస్కోపులు చేసే సర్ హోవర్డ్ గ్రబ్. ఆయన పనితనం మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ కోసం నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్‌లో కొన్న 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ తయారీయే. కొత్త సైట్‌కు పేటెంట్ తీసుకున్నాక రాయల్ డబ్లిన్ సొసైటీకి రాసిన వ్యాసంలో గ్రబ్ ముందుగా ఒక ఊహ చేశాడు. తుపాకీ నుంచి సన్నని కాంతిపుంజం వదిలి, అది పడిన చోటే గుండు తగిలేలా అమర్చితే ఎలా ఉంటుంది? ఆచరణలో అయ్యే పని కాదని ఆయనే దాన్ని పక్కన పెట్టాడు. లేజర్ పుట్టడానికి అప్పటికి ఇంకా అరవై ఏళ్లుంది! కాంతిని టార్గెట్ దాకా పంపే పని లేకుండా, అది అక్కడ ఉన్నట్టు కంటిని నమ్మిస్తే చాలునన్నది ఆయన కనిపెట్టిన కిటుకు.

నమ్మించడం ఇలా. పుటాకార దర్పణం నాభి దగ్గర ఒక చిన్న దీపం పెడితే, దర్పణం మీద పడి తిరిగొచ్చే కిరణాలన్నీ సమాంతరంగా వస్తాయి. సమాంతరంగా వచ్చే కిరణాలు కంటికి అనంత దూరం నుంచి వచ్చినట్టే లెక్క. రైల్లో వెళ్తుంటే చెట్లు వెనక్కి పోతాయి గానీ చందమామ మనతోనే వస్తుంది కదా, ఈ చుక్కా అంతే. తల కాస్త అటూ ఇటూ జరిగినా అది టార్గెట్ మీదే నిలబడుతుంది. కన్ను టార్గెట్‌నే చూస్తుంది, చుక్క కూడా అక్కడే కనబడుతుంది. మూడు చోట్ల పని ఒక్క చోటికి వచ్చింది. (నిజం చెప్పాలంటే చిన్న సైట్లలో ఈ ఏర్పాటు పూర్తిగా దోషరహితం కాదు. చుక్క అద్దం అంచుకు జరిగితే కొద్దిపాటి తేడా వస్తుంది.) ఇప్పటి సైట్లలో అద్దం మీద ఎర్ర రంగును మాత్రమే వెనక్కి కొట్టే పలుచని పూత ఉంటుంది. మిగతా రంగులు దాటిపోతాయి కాబట్టి అవతలి దృశ్యం కాస్త నీలిఛాయతో కనిపిస్తుంది.

ఉపాయం సిద్ధంగా ఉంది గానీ, దీపం లేదు. విమానాలకు ఆ బాధ లేదు. వాటికి కరెంటు ఉంది, బల్బు పెట్టుకునే చోటు ఉంది. 1918లో జర్మన్ ఫైటర్లలో ఓయిగీ కంపెనీ సైట్లు కనిపించాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి స్పిట్‌ఫైర్ పైలట్ కళ్ల ముందు వెలిగే వలయం గ్రబ్ ఊహకు వారసురాలే. చేతి తుపాకీ మీద మాత్రం బల్బు, దానికి బ్యాటరీ మోయడం అయ్యే పని కాదు. 1970లో అమెరికన్ సైనికులు ఉత్తర వియత్నాంలోని సోన్ తే ఖైదీల శిబిరం మీద దాడికి దిగినప్పుడు వాడిన సింగిల్ పాయింట్ సైట్ ఈ కథలో నాకు నచ్చిన మజిలీ. దాని గొట్టంలోంచి అవతలిదేమీ కనబడదు. ఒక కంటికి చుక్క, రెండో కంటికి టార్గెట్. రెంటినీ కలిపే పని మెదడుది! రెండు కళ్లూ తెరిచే గురి పెట్టాలన్నమాట.

అసలు దీపం 1962లో పుట్టింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోనియాక్ ఎర్రగా వెలిగే ఎల్‌ఈడీని చేసి చూపించాడు. ఆవగింజంత చోటులో, కొన్ని మిల్లీఆంపియర్లతో వెలిగే దీపం అది. 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ దాన్ని దర్పణంతో జతచేసి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్‌ను అమ్మకానికి తెచ్చింది. గ్రబ్ పేటెంట్ నుంచి ఇక్కడికి 75 ఏళ్లు. ఇప్పటి మంచి సైట్ ఒక చిన్న బిళ్ల బ్యాటరీతో ఏళ్ల తరబడి ఆరిపోకుండా వెలుగుతుంది.

సైన్యాలకన్నా ముందు దీన్ని నెత్తిన పెట్టుకున్నది పోటీ షూటర్లు. 1990లో అడిలైడ్‌లో జరిగిన ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య ఐపీఎస్‌సీ వరల్డ్ షూట్‌ను అమెరికన్ డగ్ కోనిగ్ రెడ్ డాట్‌తో గెలిచాడు. గాడీ మొనా ఉన్న పాత ఇనుప సైట్లవాళ్లు గొణిగారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే రెడ్ డాట్ పెట్టుకునేవాళ్లకు ఓపెన్, మామూలు పిస్టళ్లకు స్టాండర్డ్ అంటూ విభాగాలు వేరయ్యాయి. అమెరికా సైన్యం ఎయిమ్‌పాయింట్‌ను తన రైఫిళ్లకు ప్రామాణిక సైట్‌గా తీసుకున్నది 1997లో.

ఓపెన్ విభాగంలో సైట్‌ను పిస్టల్ ఫ్రేమ్‌కు ప్రత్యేక మౌంట్‌తో బిగిస్తారు. ఫ్రేమ్ చేతిలో ఉంటుంది, స్లైడ్‌లా ముందుకూ వెనక్కూ పరుగెత్తదు. సైట్‌కు సుఖం. క్యారీ ఆప్టిక్స్, ప్రొడక్షన్ ఆప్టిక్స్ విభాగాలు వచ్చాక సైట్ స్లైడ్ మీదికెక్కింది. అసలు కష్టం అక్కడే. లెక్క వేసి చూద్దాం. 8 గ్రాముల గుండు సెకనుకు 350 మీటర్ల వేగంతో బయటికి పోతే, అర కిలో స్లైడ్ సెకనుకు అయిదారు మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఆ వేగం అందుకోవడానికి దానికి దొరికేది సుమారు అర మిల్లీసెకను. 30 గ్రాముల సైట్‌ను అలా లాగాలంటే దాదాపు 30 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. ఆ బలాన్ని మోసేది రెండు చిన్న స్క్రూలు, వాటి పక్కనున్న బుడిపెలు. ప్రతి గుండుకూ ఇదే తంతు. సీజన్‌లో షూటర్ పేల్చేది వేల గుండ్లు.

కాబట్టి నా మాట: సైట్ కొనే డబ్బులో కొంత, శ్రద్ధలో సగానికి పైగా బిగింపుకు కేటాయించాలి. అంగట్లో షూటర్లు చుక్క సైజు గురించి గంటలు వాదిస్తారు. అది అంత గొప్ప సమస్య కాదు. చుక్కను ఎంఓఏలో కొలుస్తారు. ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 మీటర్లలో దాదాపు 29 మిల్లీమీటర్లు. 3 ఎంఓఏ చుక్క 25 మీటర్లలో రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, 6 ఎంఓఏ అయితే నాలుగున్నర. నిదానంగా, కచ్చితంగా కొట్టే పోటీకి చిన్నది, ఇనుప పలకలను వేగంగా కూల్చే పోటీకి పెద్దది. అద్దం వెడల్పుకే నేను ఎక్కువ విలువిస్తాను, చుక్క తప్పిపోయినప్పుడు దాన్ని వెతుక్కునే చోటు అదే కనుక. వానలో, దుమ్ములో ఆడేవాళ్లు దీపం చుట్టూ మూత ఉన్న మోడల్ చూసుకోవాలి. తెరిచి ఉన్న రకంలో ఒక్క నీటిబొట్టు దీపం మీద పడితే చుక్క చెదిరిపోతుంది.

కొనేముందు ఒక చిన్న పరీక్ష. చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలానో పువ్వులానో కనిపిస్తే ఫోన్ కెమెరాతో ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే సైట్ మంచిదే, మీ కంటికే ఆస్టిగ్మాటిజం ఉంది. మార్చాల్సింది సైట్‌ను కాదు, కళ్లజోడును.

ఇక బిగింపు. సైట్ అడుగు భాగం కొలతలు కంపెనీకొక తీరు. ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్‌కు సరిపడే గాడిలో డాక్టర్ (Docter) కంపెనీ రకం సైట్ కూర్చోదు. స్లైడ్‌ను నేరుగా ఆ సైట్ కొలతకే చెక్కించడం మేలైన పద్ధతి. మధ్యలో అడాప్టర్ ప్లేట్ వేస్తే జారే అవకాశమున్న జాయింట్ ఇంకొకటి పెరిగినట్టే. స్క్రూలను, రంధ్రాలను స్పిరిట్‌తో తుడిచి జిడ్డంతా వదిలించాలి, జిడ్డు మీద లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా ఆపే జిగురు) పట్టదు. నీలం రకం ఒక బొట్టు చాలు. ఎర్రది వేస్తే వేడి చేస్తే తప్ప ఊడదు. చేతి అంచనాతో కాకుండా టార్క్ డ్రైవర్‌తో, తయారీదారు చెప్పిన మేరకే బిగించాలి. చాలా సైట్లకు అది 12 నుంచి 15 అంగుళ-పౌండ్ల మధ్య ఉంటుంది. గట్టిగా ఉండాలని ఇంకో పట్టు పట్టేవాళ్లే సన్నని స్క్రూ తలలు విరగ్గొట్టుకుంటారు. స్క్రూ పొడవు కూడా చూసుకోవాలి. కొన్ని పిస్టళ్లలో ఒక మిల్లీమీటరు ఎక్కువైనా అది లోపలి ఎక్స్‌ట్రాక్టర్ భాగాన్ని నొక్కేస్తుంది, ఖాళీ తూటా బయటికి రాదు. తప్పు మాత్రం తూటాల మీద వేస్తారు! లాక్‌టైట్ ఆరడానికి ఒక రోజు వదిలేసి, స్క్రూ తల మీదుగా స్లైడ్ మీదికి పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి. గీత విడిపోతే స్క్రూ తిరిగినట్టు. బ్యాటరీ కోసం సైట్‌ను ఊడదీయాల్సిన మోడల్ అయితే ఈ తతంగమంతా మళ్లీ మొదటినుంచి చేయాలి. పక్కనుంచో పైనుంచో బ్యాటరీ మారే మోడల్‌కు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

జీరో చేసేటప్పుడు, అంటే చుక్క ఉన్న చోటే గుండు తగిలేలా సైట్‌ను సర్దేటప్పుడు, బల్ల మీద చేతులు ఆనించి, అయిదారు గుండ్లు పేల్చి, ఆ గుంపు మధ్యను చూసి సర్దండి. ఒక్కో గుండుకూ మరలు తిప్పుతూ పోతే చుక్క సాయంత్రం దాకా టార్గెట్ చుట్టూ తిరుగుతుంది. చుక్క బ్యారెల్‌కు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉంటుంది కాబట్టి, మూడు నాలుగు మీటర్ల దగ్గరి టార్గెట్ మీద గుండు ఇంచుమించు అంతే కిందికి తగులుతుంది. అది సైట్ లోపం కాదు.

చివరిగా, కొనే ముందు మీరు ఆడబోయే పోటీ నిబంధనలు ఒకసారి చదవండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ పిస్టల్ పోటీల్లో తుపాకీ మీద అద్దాలు, చుక్కలు, లేజర్లు నిషిద్ధం. ఒలింపిక్స్‌లోనూ అదే నియమం. పారిస్ 2024లో 25 మీటర్ల పిస్టల్ ఆడిన హైదరాబాద్ షూటర్ ఇషా సింగ్ గురి పెట్టింది ఇనుప సైట్లతోనే.