విదేశయాత్రలో పంటకోత పని

పరదేశములు చూడవలెనను కోరిక యువకులకు సహజము. ఆస్ట్రేలియా 2024 నుండి ఏటా 1000 మంది భారతీయులకు, ఒక సంవత్సరము పర్యటించుచు పని కూడ చేసుకొనుటకు వీసా ఇచ్చుచున్నది. 18 నుండి 30 ఏండ్ల వయస్సు, పాఠశాల విద్య పిదప కనీసము 2 ఏండ్ల చదువు, ఆంగ్ల పరిజ్ఞానము, సుమారు 5000 ఆస్ట్రేలియా డాలర్ల నిల్వ ఉండవలెను. ఎంపిక లాటరీ ద్వారా జరుగును.

భూమధ్యరేఖకు దక్షిణమున ఋతువులు తారుమారు. మనకు ఎండాకాలమున వచ్చు మామిడి, డార్విన్, కాథరిన్ ప్రాంతములలో అక్టోబరు, నవంబరు నెలలలో కోతకు వచ్చును. మిల్డూరాలో ద్రాక్ష కోత ఫిబ్రవరి, మార్చి నెలలలో సాగును. పంటను వెంబడించి ఊరు మారువారికే పని ఎడతెగక దొరుకును.

కూలి గంపల లెక్కన ఇచ్చినను, గంటకు నిర్ణయించిన కనీస వేతనమునకు తగ్గరాదని 2022 ఏప్రిల్ నుండి అక్కడ నిబంధన కలదు. కావున తోటలో అడుగిడుటకు ముందే రేటు, బసకు కోసికొను మొత్తము వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను.

విద్యార్థులారా! లాటరీలో పేరు వచ్చుట ఏ దళారి చేతిలోను లేదు. ఇప్పించెదనని సొమ్మడుగువాడు మోసగాడే. పరుల తోటలో కాయ కోయుటకై తండ్రి పొలమును తాకట్టు పెట్టకుడు.