బ్యాంకు గద్దె మీద 24 ఏళ్లు

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1694లో పుట్టింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా అందరికంటే ఎక్కువ కాలం గవర్నరుగా ఉన్నది మాంటేగ్ నార్మన్. 1920 నుంచి 1944 వరకు, ఏకంగా 24 ఏళ్లు! అంతకుముందు రెండేళ్లు చేసి దిగిపోవడమే ఆనవాయితీ. తర్వాత వచ్చినవారిలో అందరికంటే ఎక్కువ కాలం ఉన్న కాబోల్డ్ కూడా 12 ఏళ్లకే దిగిపోయారు. 2012 నాటి చట్టం గవర్నరుకు ఎనిమిదేళ్ల విడత ఒక్కటే ఇస్తోంది. అది మారనంత కాలం నార్మన్ రికార్డును ఎవరూ దాటలేరు.

బ్యాంకు ఆయనకు కొత్త కాదు. తల్లిగారి తండ్రి మార్క్ కాలెట్ అక్కడ గవర్నరు, నాన్నగారి తండ్రి 50 ఏళ్లకు పైగా డైరెక్టరు. మనవడు మాత్రం కేంబ్రిడ్జి చదువు ఏడాదికే మానేశాడు.

నా దృష్టిలో ఆ 24 ఏళ్ల కంటే పెద్ద వింత ఇంకొకటి ఉంది. నార్మన్‌ను మానసిక కుంగుబాటు జీవితమంతా వేధించింది. 1913లో జ్యూరిక్ వెళ్లి ప్రఖ్యాత వైద్యుడు కార్ల్ యూంగ్‌కు చూపించుకుంటే, మెదడుకు ప్రాణాంతకమైన జబ్బు సోకిందని, ఇక కొద్ది నెలలే బతుకుతారని ఆయన తేల్చేశారు. ఆ రోగి 1950 దాకా బతికాడు. గవర్నరయిందీ, ప్రపంచ బ్యాంకర్లందరికీ పెద్దదిక్కయిందీ ఆ మాట విన్న తర్వాతే.

అతిపెద్ద పొరపాటు కూడా ఆయన ఖాతాలోనే ఉంది. 1925లో పౌండును మళ్లీ బంగారానికి ముడివేయాలని పట్టుబట్టినవారిలో ఆయనే ముఖ్యుడు. ఆర్థికమంత్రి చర్చిల్ ఒప్పుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందున్న 4.86 డాలర్ల ధరే మళ్లీ పెట్టారు. దాంతో బ్రిటిష్ బొగ్గు విదేశాల్లో ఖరీదైపోయింది, గని యజమానులు కూలి తగ్గించబోయారు, 1926లో దేశమంతా సమ్మె జరిగింది. పౌండు పరువు కోసం గని కార్మికుడి కడుపు మాడ్చడం అన్యాయమేనని నేను గట్టిగా నమ్ముతాను.

1931 సెప్టెంబరు 21న ఆ ముడి తెగిపోయింది. అనారోగ్యంతో కెనడా వెళ్లిన నార్మన్ అప్పుడు తిరుగు ప్రయాణంలో, ఓడలో ఉన్నారు. ‘ముసలావిడ సోమవారం వెళ్లిపోతోంది’ అని ఆయనకు టెలిగ్రాం అందిందట. ముసలావిడ అంటే లండన్ వాడుకలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే, వెళ్లిపోవడమంటే బంగారాన్ని వదిలేయడమే. ఆయనేమో అమ్మ సెలవులకు వెళ్తోందని అనుకున్నారని చెబుతారు.

విలేఖరులకు దొరక్కుండా ‘ప్రొఫెసర్ స్కిన్నర్’ పేరుతో ఓడ టిక్కెట్లు తీసుకునేవారు. స్కిన్నర్ ఆయన కార్యదర్శి ఇంటిపేరు.

జర్మనీ కేంద్ర బ్యాంకు అధిపతి షాఖ్ట్ ఆయనకు ఆప్తమిత్రుడు. షాఖ్ట్ మనవడికి నార్మన్ పేరే పెట్టారు. 1939 జనవరిలో ఆ బిడ్డ బాప్తిస్మానికి ఆయన బెర్లిన్ వెళ్లారు. మార్చిలో హిట్లర్ సేనలు ప్రాగ్‌ను ఆక్రమించాయి. లండన్‌లో దాచుకున్న చెక్ బంగారం కొంత, బాజెల్‌లోని అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు ఆదేశంతో జర్మనీ ఖాతాకు మారిపోయింది. నార్మన్ అడ్డుకోలేదు. దానిపై బ్రిటిష్ పార్లమెంటు మండిపడింది.