తాబేలు పిల్లలకు తోడెవరు?

శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రతనయ నది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏటా శీతకాలం చివర మొదలుకొని ఎండలు ముదిరేదాకా ఈ ఇసుక తీరానికి రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. తల్లి తాబేలు వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. ఇక తన పిల్లల ముఖం చూడదు!

మరి వాటిని పొదిగేదెవరు? ఇసుక వేడే! అందుకు 45 నుంచి 60 రోజులు పడుతుంది. పుట్టేది ఆడదో మగదో తేల్చేది కూడా ఆ వేడే. సుమారు 29 డిగ్రీల సెంటీగ్రేడుకు మించితే ఆడవి ఎక్కువ, తగ్గితే మగవి ఎక్కువ. గుడ్డు పగిలాక ఒంటరి పిల్ల పైకి రావడం కష్టం. అన్నీ కలిసి కాళ్లాడిస్తే పై ఇసుక రాలి అడుగున చేరి మెట్టులా ఎత్తవుతుంది. తల్లి లేకపోయినా తోబుట్టువులు ఉన్నారన్నమాట.

కుక్కలు, నక్కలు గుడ్లు తవ్వి తినేస్తాయి. అందుకని ఈ తీరంలో అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు, మత్స్యకార యువకులు కలిసి గుడ్లను ఏరి, కంచె వేసిన చోట మళ్లీ పాతిపెడతారు. పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలోకి వదులుతుంటే చూడడానికి పెద్దలతోపాటు చిన్నపిల్లలూ వస్తారు.

మనిషి బిడ్డ సంగతి వేరు. పుట్టినప్పుడు తల కూడా నిలపలేడు. కాని ఏడాది నిండేసరికి ఎదుటివారు వేలు చూపిన వైపు చూస్తాడు. ఇది సామాన్యమైన విషయం కాదు. "అదిగో!" అని తాత చూపిన చోటికి మనవడి చూపు వెళ్లిందంటే ఇద్దరి మనసూ ఒకే వస్తువు మీద నిలిచిందన్నమాట. పేర్లూ మాటలూ చాలావరకు ఇలాగే పట్టుబడతాయి, జాగ్రత్తలు కూడా. జీడిపిక్క తొక్కలోని రసం చర్మాన్ని కాలుస్తుంది. పచ్చి పిక్కను నోట పెట్టకూడదని ఉద్దానం బిడ్డ బడిలో చేరకముందే, తోటలో అక్కల వెంట తిరిగి తెలుసుకుంటాడు.

తీరంలోనూ అంతే. మూడేళ్లవాడు తాబేలు పిల్లను చూడగానే పట్టుకోబోతాడు. పక్కనున్న అక్క చేతులు వెనక్కి కట్టుకుంటే తనూ కట్టుకుంటాడు. టార్చిలైటు ఎందుకు వెయ్యకూడదో అక్కడే చెప్పాలి. రాత్రి తీరంలో నేలకంటే నీళ్లవైపే వెలుగు ఎక్కువ. పిల్లలు ఆ వెలుగునుబట్టే సముద్రంవైపు పాకుతాయి. మన దీపం కనబడితే దారి తప్పి ఇటే వస్తాయి. తెల్లవారాక వాటిని కాకులు తన్నుకుపోతాయి.

బతికి పెరిగిన ఆడ తాబేళ్లు చాలావరకు పది పదిహేనేళ్ల తర్వాత తాము పుట్టిన ప్రాంతానికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. అప్పటికి ఆ మూడేళ్లవాడు పడవెక్కే ఈడుకు వస్తాడు. తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. వల కోసి దాన్ని వదలాలా వద్దా అన్నది ఆ క్షణంలో అతని చేతిలో ఉంటుంది.